పుంటో కాక

సూరత్ లింబాయత్‌లో మన తెలుగువాళ్లుండే ఏ గల్లీకి వెళ్లినా, నేత సాంచాల చప్పుడు మధ్య ఇలాంటి కాక ఒకరు తగులుతారు. కంపెనీ ఎత్తేసిన కారుకు ఓనరు. ఆ కారు భవిష్యత్తు మీద కంపెనీకి లేని బెంగ ఈయనకు. మా గల్లీ కాకది ఫియట్ పుంటో. తెల్లది, డీజిలు.

2014 దీపావళికి ఇక్కడి వజ్రాల వ్యాపారి సావ్‌జీ ఢోలకియా తన కార్మికులకు బోనసు కింద 491 కార్లు పంచారు. అవి పుంటోలే. అందులో ఒకటి చేతులు మారి తన దగ్గరికొచ్చిందని కాక అంటాడు. ఆర్సీ చూపించమంటే చాయ్ చెప్తాడు.

"ఒక్క దెబ్బకు 491! ఏ కారన్న గట్ల అమ్ముడువోయిందా తమ్మీ?"

కొన్నది ఒక్కరే గదా కాకా అంటే, వినపడనట్టు బానెట్ ఎత్తుతాడు.

ఆయన అసలు వాదమంతా ఆ బానెట్ కిందే ఉంది. 1248 సీసీ మల్టీజెట్. ఇదే ఇంజను స్విఫ్ట్‌లో, డిజైర్‌లో పెట్టి మారుతీ వాళ్లు లక్షల్లో అమ్ముకున్నారు. ఈ మాట మాత్రం అక్షరాలా నిజం. ఫియట్ ఇంజను ఊరంతా తిరిగింది, ఫియట్ కారు షోరూములోనే ఉండిపోయింది. పక్కింటి పాత డిజైర్ స్టార్టయితే చాలు, కాక చెవి అటు వేసి "మనదే" అంటాడు.

ఆ వజ్రాల షేఠ్ తర్వాత ఇంకో విడతలో డాట్సన్ రెడీ-గోలు పంచారు. పుంటో 2019 కల్లా కనుమరుగైంది, డాట్సన్ 2022లో దుకాణం కట్టేసింది. ఈ రెండూ కలిపి నేనేదో అనబోతే, కాక లోచో ప్లేటు నా ముందుకు తోశాడు.

2025 సెప్టెంబరులో చిన్నకార్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిందా, కాక బట్ట తాకాల లెక్క రాసే పుస్తకం ముందేసుకున్నాడు.

"పొడుగు నాలుగు మీటర్లకు ఒక్క సెంటీమీటరు తక్కువ. డీజిలు 1500 సీసీ లోపల. మనది పాసు! ఇప్పుడు ఫియటోడు పుంటో దింపితే ఎంత అగ్గువైతదో ఎరుకేనా?"

లేని కారుకు తగ్గింపు ధర పైసలతో సహా రాసిపెట్టాడు.

"దింపుతారంటవా కాకా?"

"రంజన్‌గావ్ ఫ్యాక్టరీ మూసిండ్రా? జీపు చేస్తలేరా అండ్ల?"

జనం ఇప్పుడు పంచ్, బ్రెజా లాంటి ఎత్తు బండ్ల వెంట పడ్డారు. కాక కొడుకు అడుగుతున్నదీ అదే. ఆ సంగతి ఇంట్లో ఎత్తనివ్వడు.

నన్నడిగితే పుంటో తిరిగి రాదు. వచ్చినా కాక కొనడు, ఒకటి ఉంది గదా!

ప్రస్తుతం ఆయనకు కావలసింది ఎడమవైపు హెడ్‌లైటు. కరీంనగర్, వరంగల్ వైపు ఎవరి షెడ్డులోనైనా పుంటో మూలన పడి ఉంటే కాస్త కబురు పెట్టండి. ఇంజను సామాను అక్కర్లేదు, అది చాలామటుకు మారుతీ కొట్లో దొరుకుతుంది.