అంటుకోని కట్టు: ఒక గాజ్ గుడ్డ ఆత్మకథ

తన జీవితాన్ని తానే చెప్పుకోవలసి వచ్చినప్పుడు గాజ్ గుడ్డ పత్తి చేను దగ్గర కాక మగ్గం దగ్గర మొదలుపెడుతుంది. ఎందుకంటే దాని గుణమంతా నేతలోనే ఉంది. ఆసుపత్రి గుడ్డలకు పేరుపడిన తమిళనాడులోని చత్రపట్టిలో, రాజపాళయానికి చేరువలో, పడుగుకూ పేకకూ మధ్య సందులు మిగిలేలా దానిని వదులుగా నేశారు. పచ్చి నూలులో సహజంగా ఉండే మైనం నీటిని లోపలికి రానివ్వదు కాబట్టి, క్షారంలో ఉడికించి తెల్లబరచిన తరువాతనే దానికి తడిని పీల్చే శక్తి వచ్చింది. చివరికి ఆటోక్లేవులో, అంటే ఒత్తిడిలో ఉన్న ఆవిరితో సూక్ష్మజీవులను చంపే పాత్రలో, 121 డిగ్రీల వేడిని తట్టుకొని అది హైదరాబాదులోని ఒక క్యాన్సర్ ఆసుపత్రికి చేరింది.

అక్కడ దానికి దక్కినది కత్తిగాటు కాదు, ఒక వృద్ధుడి తొడమీద లింఫోమా వల్ల ఏర్పడిన పుండు. లింఫోమా అంటే శరీరాన్ని రోగాల నుంచి కాపాడవలసిన లింఫోసైట్లనే తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే క్యాన్సరు. వాటిలో టీ కణాలనే రకం చర్మంలోనే తిష్ఠ వేసినప్పుడు వచ్చే జబ్బులలో ఎక్కువగా కనిపించేది మైకోసిస్ ఫంగాయిడిస్. ఫ్రెంచి వైద్యుడు ఝాఁ లూయీ అలిబేర్ 1806లో మొదట వర్ణించిన ఈ వ్యాధి తరచుగా ఎండ తగలని నడుము, పిరుదులు, తొడల మీద పొలుసుల మచ్చలుగా మొదలవుతుంది. తామరగానో గజ్జిగానో పొరబడి ఏళ్ల తరబడి పైపూతలు రాసుకునేవారు ఉన్నారు. చాలామందిలో అది మచ్చల దశ దాటదు గాని, కొందరిలో మచ్చలు దళసరెక్కి, గడ్డలై, ఆ గడ్డలు చితికి రసి కారే పుండ్లుగా మారతాయి.

ఆ వృద్ధుడి పుండు మీద గాజ్ గుడ్డకు మొదట తెలిసివచ్చినది తన లోపమే. దాని సందుల్లోకి పాకిన రసి ఆరిపోయి గట్టిపడగా, దానితోపాటు కొత్తగా మొలుస్తున్న లేత కణజాలం కూడా అల్లుకుపోయింది. పొడిగా ఉన్న గుడ్డ అంచును పైకెత్తిన చోటల్లా ఒక్కొక్క నూలుపోగు కింద ఎర్రని రక్తపు చుక్క పొడుచుకువచ్చింది. అందుకే అనుభవమున్న నర్సు కట్టు విప్పడానికి అరగంటో గంటో ముందు నొప్పి మాత్ర ఇచ్చి, గోరువెచ్చని సెలైన్‌తో గుడ్డను పూర్తిగా తడిపి, అది తనంతట తాను వదులయ్యేదాకా ఆగి, చర్మానికి సమాంతరంగా మెల్లగా తీస్తుంది. అంతకంటె మేలైన ఉపాయం పారఫిన్ పూసిన వల గుడ్డను పుండుకు ఆనించి, మామూలు గాజ్ గుడ్డను దానిపైన రసి పీల్చడానికి ఉంచడం. పుండును నేరుగా తాకే చోటును ఆ జిడ్డు వలకు అప్పగించి, తాను రెండవ వరుసలో నిలిచినప్పుడే గాజ్ గుడ్డ రోగికి నిజంగా ఉపకరించింది.

ఈ పుండ్లలో రోగిని నలుగురిలోకి రానివ్వనిది వాసన. రక్తం అందక చచ్చిన కణజాలంలో ఆక్సిజన్ లేకుండా బతికే బాక్టీరియా పెరిగి దుర్వాసన పుట్టిస్తుంది. వైద్యుడి సలహాతో, ఆ బాక్టీరియాను చంపే మెట్రోనిడజోల్ జెల్‌నో, మెత్తగా నూరిన మాత్రల పొడినో పుండు మీద వేస్తే చాలామందిలో కొద్ది రోజులకే అది తగ్గుముఖం పడుతుంది. రక్తం చిమ్మితే, శుభ్రమైన గుడ్డను తడిపి పది పదిహేను నిమిషాలు ఎత్తి చూడకుండా అదిమి పట్టాలి. సముద్రపు నాచునుంచి తీసిన ఆల్జినేట్ కట్టు తనలోని కాల్షియంతో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. చర్మమనే కోట గోడ కూలిన చోట స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా సులువుగా ప్రవేశిస్తుంది, ముదిరిన వ్యాధిలో మరణానికి ఇన్ఫెక్షన్ ఒక ముఖ్య కారణం. కాబట్టి జ్వరం, చలి, చుట్టూ పెరిగే ఎరుపు, హఠాత్తుగా ఎక్కువయ్యే నొప్పి కనిపిస్తే కట్టు మార్చి ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

అదే చుట్టనుంచి కత్తిరించిన ముక్కలు కొన్ని ఆ వృద్ధుడి ఇంటికి చేరగా, అక్కడ నర్సు నేర్పిన పద్ధతిలో కూతురు చేతులు కడుక్కొని, అరలీటరు కాచిన నీటిలో ఒక టీస్పూను ఉప్పు కలిపి చల్లార్చి, ఆ నీటితో పుండును రుద్దకుండా కడిగేది. గాజ్ గుడ్డ అయిపోయిన రోజున, ఉతికి మడిచిన పాత నూలు చీర ముక్కలను కుక్కరులో నీరు తగలకుండా ఆవిరి పట్టించి వాడేది. కేరళలో ఇంటింటికీ వెళ్లే పాలియేటివ్ సేవ, అంటే బాధను తగ్గించడమే లక్ష్యంగా పనిచేసే వైద్యం, ఇటువంటి చవక మార్గాలను కుటుంబాలకు నేర్పింది. ఈగలు వాలి పురుగులు పట్టకుండా పుండును ఎప్పుడూ కప్పి ఉంచడం, దురద పెట్టే చుట్టుపక్కల చర్మానికి వాసలీన్ రాసి గోళ్లు కురచగా కత్తిరించడం, పసుపు, ఆకు పసరు, స్పిరిట్ వంటివి పుండులో పోయకపోవడం, ఇవన్నీ ఆ ఇంట్లో మందులతో సమానంగా పాటించిన నియమాలు.

కట్టు ఒక్కటే లింఫోమాను తగ్గించలేదన్నది గాజ్ గుడ్డకు తెలుసు. ఈ కణాలు రేడియేషన్‌కు తేలికగా లొంగుతాయి కాబట్టి రెండు విడతలలో మొత్తం 8 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలమానం) స్వల్ప మోతాదు ఇచ్చినా గడ్డ కుంగి, పుండు మానే అవకాశం ఉంది. వ్యాధి అదుపులోకి రానప్పుడు పుండు మూసుకోకపోవచ్చు. అటువంటి పుండుకు కట్టు కట్టడాన్ని ఓటమిగా చూడడం తప్పు. రసి బట్టలకు అంటకుండా, వాసన గది దాటకుండా, కట్టు విప్పే వేళ తలుచుకుంటేనే భయం పుట్టకుండా చేయడమే అక్కడ చికిత్స, దాని విజయానికి కొలతలూ అవే.

వాడిన గాజ్ గుడ్డ మళ్లీ ఉతుకుకు నోచుకోదు. జీవవైద్య వ్యర్థాల నిర్వహణకు 2016లో వచ్చిన నియమాల ప్రకారం ఆసుపత్రిలో అది పసుపు రంగు సంచిలో పడి దహనానికి వెళుతుంది. అంతవరకు సాగిన తన బతుకులో అది నేర్చుకొని ఇంటిల్లిపాదికీ చెప్పదలచిన పాఠం ఇదే: పుండు మానుతుందా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఎవరి చేతిలోనూ లేని రోజున కూడా, నొప్పి లేకుండా కట్టు విప్పడం మాత్రం శ్రద్ధగా నేర్చుకున్న ప్రతి మనిషి చేతిలోనూ ఉంది.