డోనట్లు

మావాడికి పదకొండేళ్లు. పుట్టిందీ పెరిగిందీ డాలస్‌లో. తెలుగు రాదు. ఆ తప్పు నాది. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. అందుకని జూన్ నెలలో పరిటాలలో ఉన్న మూడు వారాలూ వాళ్లిద్దరి మధ్యా నేనే కూర్చున్నాను. ఆమె మాట వాడికి ఇంగ్లీషులో, వాడి మాట ఆమెకి తెలుగులో.

ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. వసారాలో మంచం మీద బోర్లా పడుకుని వాడు ట్యాబులో పాత పోకెమాన్ చూస్తున్నాడు. అమ్మ పక్కన కూర్చుని వాడికి విసనకర్రతో విసురుతూ, తనూ చూస్తోంది. బొమ్మలో ఒక పిల్లవాడు తెల్లగా, మూడు మూలలుగా ఉన్నవేవో పట్టుకుని ఊరిస్తున్నాడు. వాటికి నల్లటి పట్టీ చుట్టి ఉంది.

"అన్నం ముద్దలు కదరా అవి?" అంది అమ్మ.

వాణ్ణి అడిగాను. "కాదంటమ్మా. లోపల జెల్లీ పెట్టిన డోనట్లంట."

"తీపి రొట్టెలు అట్లా ఉంటయ్యా? చేత్తో ఒత్తినట్టు కనపడటంలా? లోపల ఊరగాయ ముక్క పెట్టుంటారు."

నాకు ఒళ్లు జలదరించింది. అది ఒనిగిరి. జపాన్ తల్లులు చేతికి తడీ ఉప్పూ చేసుకుని, వేడన్నం ఒత్తి, సముద్రపు నాచు రేకు చుట్టి, పిల్లలకి కట్టిచ్చే ముద్ద. లోపల పెట్టేవాటిల్లో ఉమెబోషి ఒకటి. అంటే ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పుల్లటి కాయ. నందిగామ, జగ్గయ్యపేట దాటి నాలుగూళ్లు తిరగని మా అమ్మ, మాట ఒక్కటీ అర్థం కాకుండానే దాన్ని పట్టేసింది. అమెరికాలో పుట్టిన మావాడు మాత్రం డోనటనే నమ్మాడు.

ఆ సాయంత్రం వాణ్ణి కూర్చోబెట్టి చెప్పాను. పోకెమాన్ జపాన్ టీవీలో మొదలైంది 1997లో. మరుసటేడు ఫోర్ కిడ్స్ అనే సంస్థ ఇంగ్లీషు డబ్బింగు చేయించి అమెరికాకి తెచ్చింది. సతోషిని యాష్ చేశారు, తకేషిని బ్రాక్ చేశారు. ఆ ముద్దలు పట్టుకున్నది ఆ బ్రాకే. అన్నం ముద్దంటే అమెరికా పిల్లలకి తెలియదని డోనట్ అన్నారు. కొన్నేళ్లకి మాట మార్చడం కూడా చాల్లేదు. బొమ్మ మీదే దిద్ది, ముద్దని శాండ్‌విచ్ చేశారు. కార్డులూ ఆటబొమ్మలూ అమ్ముడుపోవాలంటే చూసే పిల్లవాడికి ఎక్కడా పరాయిదనిపించకూడదు. అదీ ఆ వ్యాపారం లెక్క. 2004లో వాళ్లే 'వన్ పీస్' అనే ఇంకో జపాన్ బొమ్మల సీరియల్లో సాంజీ అనేవాడి నోట్లోని సిగరెట్టు తీసి లాలీపాప్ పెట్టారు. పిల్లలు చూసే బొమ్మ, పోనీ అనుకుందాం. అన్నం ఏం పాపం చేసింది?

జపాన్ బొమ్మల సినిమాల దర్శకుడు మియజాకి సంగతీ చెప్పాను. 1984లో ఆయన తీసిన 'నౌసికా'ని అమెరికాలో ఇరవై నిమిషాలకు పైగా కోసి, పేరు కూడా మార్చి వదిలారు. ఆ దెబ్బ ఆయన మర్చిపోలేదు. 'ప్రిన్సెస్ మొనొనొకె' అమెరికా వెళ్లే వేళకి ఆయన నిర్మాత తోషియో సుజుకి అక్కడి పంపిణీదారుకి ఒక జపాన్ కత్తి ఇచ్చాడు. దాంతోపాటు ఒకటే మాట: కోతల్లేవు. 1999లో ఆ సినిమా కోత పడకుండానే అక్కడ విడుదలైంది.

డబ్బింగు చిన్న పని కాదు. మనకి 1950లో వచ్చిన డబ్బింగు సినిమా 'ఆహుతి'కి మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ అంతటివాడు. పరాయి పెదవి కదిలినట్టు తెలుగు మాట కుదరాలి. అందుకోసం మాట మార్చినా తప్పులేదు. తినే తిండినీ, పెట్టిన పేరునీ, పడే బాధనీ మార్చకూడదు. అట్లా మారిస్తే చూసేవాణ్ణి మోసం చేసినట్టే. ఇదంతా వాడికి గట్టిగానే చెప్పాను. తల ఊపాడు.

ఏం చెబుతున్నావంది అమ్మ. అదీ చెప్పాను.

"ఎన్ని మాటలు చెబితే ఏంది, బొమ్మ కనపడతానే ఉందిగా" అంది.

తిరుగు ప్రయాణం రోజు శంషాబాద్ విమానం ఎక్కాలి. అమ్మ హైవే దాకా వచ్చింది. మా ఊరికి గుర్తు అక్కడి ఆంజనేయస్వామి విగ్రహం. 2003లో నిలబెట్టారు, 135 అడుగులు. స్వామికి దణ్ణం పెట్టించి, సంచిలోంచి స్టీలు డబ్బా తీసి వాడి చేతిలో పెట్టింది. మూత తీశాను. పెరుగన్నం ముద్దలు, మధ్యలో మాగాయ ముక్క. ఎప్పుడూ గుండ్రంగా చేసే మనిషి ఈసారి ఒక్కోటీ మూడు మూలలుగా ఒత్తింది. ఎప్పుడు లేచి చేసిందో.

వాడు వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు. ఇంగ్లీషులో గబగబా అనేశాడు: ఇది నాకొద్దు, కంపు కొడుతోంది, నన్నింకెప్పుడూ ఇక్కడికి తీసుకురావద్దు.

"ఏమంటున్నాడ్రా?" అంది అమ్మ.

"చాలా బాగున్నయ్యంటమ్మా. మళ్లీ ఎండాకాలానికి వస్తాడంట."

అమ్మ వాడి ముఖంలోకి చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. వాడి చేతిలోంచి మెల్లిగా డబ్బా తీసుకుని, మూత బిగించి, తన సంచిలో పెట్టుకుంది.

"డోనట్లన్నాడా, నాయనా?" అంది.