వాటరుపంపు విలోమసూత్రమునకు టీకాతాత్పర్యములు

మూలము: బండి చల్లారిన పిమ్మట నీరు దింపి, బెల్టు తొలగించి, పంపును విప్పవలెను. బిగింపు విప్పుటకు విలోమము.

అవతారిక: పికప్పు బండి గలవారు తమ వాకిటనే, తమ చేతులతోనే, మరమ్మతు చేసికొనవచ్చునని యాశపెట్టి విక్రయింపబడు నొక లావుపాటి గ్రంథమున నీ వాక్యద్వయము గలదు. గ్రంథకర్త యెవ్వరో తెలియదు. పీఠిక లేదు, వంశవర్ణనము లేదు, తుదిని గద్య లేదు. వేదము అపౌరుషేయము గావున నిర్దుష్టమని మీమాంసకులు సాధించిరి. ఈ గ్రంథమును అపౌరుషేయమే. కాని దాని ఫలము వేఱు. ఇందు దోషము కనబడినచో నిలదీసి యడుగుటకు పురుషుడు లేడు.

శాస్త్రమునకు అనుబంధచతుష్టయ మావశ్యకము గదా! ఇందు విషయము వాటరుపంపు. ప్రయోజనము ఇంజను ఉడికిపోకుండుట. సంబంధము ఫ్యాను బెల్టు. ఇక అధికారి యెవ్వడన, పండ్రెండు నంబరు పానా గలవాడు, వాకిట చెట్టునీడ గలవాడు, మఱునాటి యుదయమునకు బండితో పనిలేనివాడు. ఈ మూడవ లక్షణమును మూలము చెప్పలేదు. అంబాజీపేట కొబ్బరికాయల లోడు ఒప్పుకొని వచ్చిన మా బావమఱదికి లేనిది సరిగా అదియే. అతడు గ్రంథమును నా ముందు తెఱచి, "రెండే ముక్కలు గద బావగారూ, మధ్యాహ్నము భోజనమువేళకు ఐపోవును" అనెను. రెండు ముక్కలలో చెప్పిన శాస్త్రమునకు భాష్యము లెంత పెరుగునో అతనికి తెలియదు. అతడు కొబ్బరి వ్యాపారి.

ప్రతిపదార్థము వ్రాయను. బెల్టు త్రిప్పగా తాను తిరుగుచు, లోపలి రెక్కలతో నీటిని ఇంజనునుండి రేడియేటరునకును అచ్చటినుండి మరల ఇంజనునకును త్రోయునది పంపని డ్రైవరుకే కాదు, క్లీనరునకును తెలియును. ఇరుసునకు నీరడ్డు సీలొకటి, దాని వెనుక బేరింగొకటి యుండును. రెంటి నడుమ పంపు కడుపున చిన్న రంధ్రముండును. సీలు అరిగిన నాడు నీరు బేరింగులోనికి పోక ఆ రంధ్రమున చుక్కచుక్కగా క్రిందికి కారును. పంపు తన చావును ముందుగా తానే చెప్పుకొను నేర్పాటిది. మూలము దీనిని గూర్చి మౌనము వహించినది.

"చల్లారిన పిమ్మట" అను పదము మాత్రము బంగారము. సూత్రకారుని తప్పులన్నియు దీనికై మన్నింపదగును. మూత బిగించిన రేడియేటరులో నీరు ఒత్తిడి వలన నూరు డిగ్రీలు దాటియు మఱుగక నిలిచియుండును. మూత తీసిన క్షణమున నది ఆవిరియై ముఖముమీదికి లేచును. కాని "నీరు దింపి" యన్నచోట సూత్రకారుడు మరల నిద్రించెను. అది వట్టి నీరు కాదు, సగమునకు సగము కూలెంటు కలిపిన ద్రవము. అందలి ఇథిలీన్ గ్లైకాలు నాలుకకు తియ్యగా నుండును, లోనికి పోయిన మూత్రపిండములను చంపును. మా యూర ఏ వాకిట కుక్క తిరుగదు? ఏ వాకిట కోడి తిరుగదు? దింపుమనెనే కాని, మూతిగల పాత్రలోనికి దింపి మూతపెట్టి దాచుమని రెండు మాటలు వ్రాయుటకు చోటు లేకపోయెనా? స్క్రూడ్రైవరును పిడివైపు పట్టుకొనవలెనని బొమ్మతో సహా చూపుటకు మాత్రము పుట నిండుగా చోటు దొరకినది!

ఇచ్చట నొక పూర్వపక్షము. పంపు లేకున్న నేమి? వేడినీరు తనంత తానే పైకెక్కును, చల్లనినీరు దిగును గదా? నిజమే. 1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టీ బండ్లలో మొదటి సుమారు 2,500 బండ్లకు పంపు పెట్టి, ఆ పిదప పంపునే తీసివేసి, ఈ సహజప్రవాహము మీదనే కోటికి పైగా బండ్లను నడపిరి. అవి తేలిక బండ్లు, నెమ్మది బండ్లు. టన్నుకు మించిన కాయలతో ఎండవేళ రావులపాలెం వంతెన యెక్కు బండికి ఆ న్యాయము చెల్లదు. పంపు కావలసినదే. సిద్ధాంతము.

ఇక రెండవ వాక్యము: "బిగింపు విప్పుటకు విలోమము." అర్ధమాత్ర కలిసివచ్చిన కొడుకు పుట్టినంత పండుగ చేసికొందురని వైయాకరణులను గూర్చి లోకమున నొక పరిహాసము గలదు. ఒక్క వాక్యముతో ఒక ప్రకరణమునే మిగిల్చుకొన్న ఈ మహానుభావుని యింట నెన్ని బారసాలలు జరిగియుండునో!

విలోమము మనవారికి క్రొత్త కాదు. నంది తిమ్మన పారిజాతాపహరణమున నొక కందము వ్రాసెను; దానిని మొదటినుండి చదివినను తుదినుండి చదివినను అదే కందము. అది విలోమములలో సాధుజాతి. దానికంటె గడుసుజాతి యొకటి గలదు. పదునాఱవ శతాబ్దమున దైవజ్ఞ సూర్యపండితుడు రామకృష్ణ విలోమకావ్యము రచించెను; అందు శ్లోకపు పూర్వార్ధము రామకథ, దానినే వెనుకనుండి చదివిన ఉత్తరార్ధము, అది కృష్ణకథ. పదునేడవ శతాబ్దమున కాంచీమండలమువాడగు విశ్వగుణాదర్శకర్త వేంకటాధ్వరి రాఘవయాదవీయమున ముప్పది శ్లోకముల నిట్లే నడపెను; ఎడమనుండి కుడికి పోయిన రాముడు, కుడినుండి ఎడమకు వచ్చిన కృష్ణుడు, అదియు పారిజాతమును తెచ్చు కృష్ణుడు. తిమ్మన కథ కాంచీమండలమున వెనుకదారిని ప్రవేశించినదన్నమాట! ఒక్కొక్క అక్షరమును రెండు దిక్కులకును ఇమిడించి, రెండు వైపుల అన్వయము చెడకుండ నడపుటకు ఎంతటి శబ్దాధికారము కావలెనో తలచిన కొలది చేతిలోని పానా బరువు తగ్గును. ఇవి కావ్యములు కావు, గారడీలని ముఖము చిట్లించు విమర్శకులు గలరు. వారు ఒక్క పంక్తిని త్రిప్పి చూపిన పిమ్మట మాటాడుట మేలు.

ఇందు ప్రధానముగా గమనింపవలసిన దేమన, గడుసుజాతి విలోమమున అదే కథ మరల రాదు. ఆలిని గోల్పోయినవాని కథ తిరుగబడి ఆలికై చెట్టును తెచ్చినవాని కథ యగును. మా సూత్రకారుడు ఈ రహస్య మెఱిగియే వ్రాసినచో నతనికి సాష్టాంగము. విప్పుట యొక కావ్యము, బిగించుట వేఱొక కావ్యము. విప్పుటలో వీరరసము ప్రధానము, బిగించుటలో కరుణము.

సూర్యపండితుడు కేవలము కవి కాడు, జ్యోతిష్కుడు. 1150 నాటి భాస్కరాచార్యుని లీలావతికి వ్యాఖ్యయు వ్రాసెను. ఆ లీలావతిలోనే విలోమవిధి గలదు. తుదిఫలము తెలిసి మొదటి రాశి తెలియనప్పుడు వెనుకకు నడచి దానిని సాధించు మార్గమది. వరుసను త్రిప్పినంత మాత్రమున నది సిద్ధింపదు. గుణించినచోట భాగింపవలెను, కూడినచోట తీసివేయవలెను, వర్గము చేసినచోట మూలము తీయవలెను. ప్రతిక్రియకును దాని ప్రత్యర్థి యుండవలెను.

ఈ విధిని పంపునకు అన్వయింతము. "తుప్పుపట్టిన బోల్టు తల తెగి చేతికి వచ్చెను." దీనికి ప్రత్యర్థిక్రియ యేది? "పాత గ్యాస్కెట్టు సగము పంపుతో వచ్చి సగము ఇంజనునకే యంటుకొనెను." దీని విలోమమేది? "పానా జాఱి వ్రేలి కణుపున తోలు లేచెను." దీనిని తిరుగ నెట్లు బిగింతురు? భాస్కరాచార్యుడు శూన్యముతో భాగించిన రాశికి సైతము ఖహరమని పేరు పెట్టి దారి చూపెను. మొండెము లోపల మిగిలిన బోల్టునకు ఆయనయు దారి చూపలేదు. లేతు షాపువాడు చూపెను, కిరాయి పుచ్చుకొని.

పంపును మఱచితిమి. రెండు వాక్యముల నడుమ సూత్రకారుడు పూర్ణవిరామము పెట్టి దాచిన దేమో విప్పి చెప్పుదును. ఇంజను నోట గుడ్డ క్రుక్కి, అంటుకొన్న ప్యాకింగును లోహము గీచుకొనకుండ గీకవలెను; గీటు పడిన ఆ గీటుననే నీరు కారును. బోల్టు లన్నియు నొక పొడవువి కావు. పొట్టిదాని తావున పొడుగుది దింపి బిగించిన పోత పగులును. కావున అట్టముక్కపై పంపు రూపు గీచి, రంధ్రములు పొడిచి, ఏ బోల్టు నా స్థానముననే గ్రుచ్చి యుంచవలెను. కొన్ని బోల్టులు నీటి గదిలోనికే దిగును. వాని మరలకు సీలెంటు పూయవలెను. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టునకు సాధారణముగా 20 నుండి 25 న్యూటను మీటర్ల బలము చాలును. బావమఱది బలము అక్కరలేదు. కొన్ని బండ్లలో ఫ్యానును పట్టియుంచు పెద్ద నట్టునకు ఎడమ మర యుండును. అది విప్పవలెనన్న లోకమంతయు బిగించు దిక్కునకు త్రిప్పవలెను. విలోమమునకు విలోమము!

బోల్టు నెక్కించు విధము మా వీధి షెడ్డు మేస్త్రి చేతిలో చూడవలెను. మొదట వ్రేళ్లతో ముందుకు, పిదప వెనుకకు మర దారిలో పడిన చిన్న శబ్దము వినబడువఱకు, ఆ మీదట మరల ముందుకు. అనులోమము, విలోమము, అనులోమము: ఇది వేదపండితుల జటాపాఠక్రమము. అక్షరము చెడకుండుటకు వారు కనుగొన్న దానిని మర చెడకుండుటకు ఇతడు కనుగొనెను. గ్రంథకర్త కనుగొనలేదు.

ఈ గ్రంథము నేర్చినవారికై వ్రాసినది, నేర్చినవారికి సూచన చాలునని కొందఱందురు. నేర్చినవాడు దీనిని కొననేల? కొనువాడు షెడ్డు కూలి యిచ్చుకొనలేనివాడు, లేక షెడ్డు దూరమైన యూరివాడు. బండి నిలిచిన దినమున అతని కిరాయి పోవును, కంతు మాత్రము నిలువదు. అట్టివానికి తెలిసినదంతయు బొమ్మలతో చెప్పి, తెలియనిచోట "విలోమము" అని తప్పుకొనుట సంక్షేపము కాదు, వంచన. వ్యాఖ్యాతయగు మల్లినాథసూరి కావలసినదానినే వ్రాసెదనని ప్రతిజ్ఞ చేసి నిలిపికొనెను. ఈతడు కావలసినదానినే విడిచిపెట్టెను.

అన్నియు బిగిసిన పిమ్మటను పని తీరదు. బెల్టును బొటనవ్రేల నొక్కిన నొక సెంటీమీటరు మేర దిగవలెను. అంతకు మించి లాగి కట్టిన క్రొత్త బేరింగు అఱచును. నీరు దింపుటకు విలోమము నీరు పోయుట యని మూలము మనల నమ్మించినది. కాని దిగిన నీరు నిండుగా దిగెను, పోసిన నీరు గాలిని లోపల మూసి కూర్చుండును. ఇంజను చల్లగా నున్నప్పుడే మూత తీసి యుంచి, ఇంజను నడపి, 80 నుండి 90 డిగ్రీల నడుమ థర్మోస్టాటు తెఱచుకొనువఱకు కాచుకొని, బుడగలు లేచిన కొలది కూలెంటు పోయుచుండవలెను. బుడగ మిగిలినచో ముల్లు ఎఱ్ఱగీతకు పోవును, అంబాజీపేట దారిలో కాయలు దింపవలసి వచ్చును.

దీనికి మూలమున ఆధారమున్నదా యని వెదకితిని. ఆ పుట యడుగున, చిన్న అక్షరములలో, సూత్రశేష మొకటి గలదు: "సందేహము కలిగినచో నిపుణుని సంప్రదింపుడు." కష్టమైన తావులందు వ్యాఖ్యాత లెల్లరు వ్రాయునట్లే దీనికి వ్రాయుచున్నాను: స్పష్టము.