అంచులు కొయ్యకండి: ఒక జెనిత్ కెమెరా ఆత్మకథ

నేను జెనిత్-ఇ అనే కెమెరాను. మాస్కోకి పడమటి పక్కనున్న క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీ నా పుట్టిల్లు. నా తోబుట్టువులు లక్షలకొద్దీ ఉన్నారు. నేను మాత్రం 1980 మాస్కో ఒలింపిక్స్ నాటి దాన్ని. ఆ ఆటల గుర్తు నా ఒంటి మీద చెక్కి ఉంటుంది. హీలియోస్ లెన్సుతో కలిపి కిలోకి కాస్త తక్కువ తూగుతాను కాబట్టి మెడలో వేసుకున్నవాళ్లు నన్ను మరిచిపోవడం కుదరదు. బ్యాటరీ అడగను. లెన్సు పైనున్న సెలీనియం పలక వెలుగుని కొలుస్తుంది, మిగతాదంతా చేత్తో తిప్పుకోవలసిందే. బటన్ నొక్కితే గాలికి తలుపు పడినట్టు చప్పుడు చేస్తాను.

నాలో ఒక అవకరం ఉంది. ఫిల్ము మీద నేను వేసే బొమ్మ 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు. వ్యూఫైండర్లో కనిపించేది 20 ఎత్తు, 28 వెడల్పే. కన్ను పెట్టి చూసేవాడికి దక్కేది మూడింట రెండొంతులన్నమాట. మిగతా వంతు నాలుగు అంచుల్లోంచి వాడికి తెలియకుండానే ఫిల్ము మీదికి ఎక్కుతుంది. ఖరీదైన కెమెరాల పక్కన ఇది నాకు తలవంపులే. విశాఖ ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్ అయిన ఉక్కునగరం చేరాక మాత్రం నాకు పేరు తెచ్చింది ఇదే.

విశాఖ ఉక్కు కర్మాగారం కోసం 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. యంత్రాల వెంట ఇంజనీర్లూ వచ్చారు. వాళ్లలో ఒకాయన పెట్టెలో నేనూ దిగాను. తిరుగు ప్రయాణానికి ముందు ఆయన నన్ను డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసే ఒక డ్రాఫ్ట్స్‌మన్‌కి అమ్మేశాడు. ఇద్దరికీ భాష కలవలేదు, బేరం మాత్రం వేళ్ల మీద తెగింది.

డ్రాఫ్ట్స్‌మన్ గారికి ఊరంటే ముందు ట్రేసింగ్ కాగితమే. సెక్టార్లు, వాటిలో క్వార్టర్లు, నడిచి వెళ్లగలిగే దూరంలో బడి, అంగళ్లు, పార్కు. వీటన్నిటికీ కలిపి ఒక ఆసుపత్రి, ఒక స్టేడియం. కర్మాగారానికీ ఇళ్లకీ నడుమ చెట్ల పట్టీ. కాగితం మీద గీత నేల మీద రోడ్డయ్యాక ఎలా ఉందో చూసుకోవడం ఆయనకి సరదా. ఆదివారం తెల్లారేసరికి నన్ను మెడలో వేసుకుని స్కూటరు తీసేవాడు. ‘ఏమండీ, టిఫిను తిని వెళ్లకూడదూ?’ అని ఇల్లాలు అంటే, ‘ఎండెక్కితే నీడలు పోతాయే’ అనేవాడు.

ఆ మాటలో నిజం ఉంది. ప్లాను ప్రకారం కట్టిన ఊరిని ఫొటో తియ్యడం చూసినంత తేలిక కాదు. ఒకే అచ్చులో పోసిన క్వార్టర్లు వరసగా నిలబడి ఉంటాయి. మిట్టమధ్యాహ్నం తీస్తే అన్నీ ఒకే సున్నపు గోడ. పొద్దుటి ఏటవాలు వెలుగులో బాల్కనీ నీడ గోడ మీద వాలినప్పుడే ఇంటికో ముఖం వస్తుంది. ఆరేసిన చీర, మెట్ల కింద సైకిలు, పెరట్లో ములగచెట్టు... ఏ ఇల్లు ఎవరిదో చెప్పేవి ఇవే. నా 58 మిల్లీమీటర్ల లెన్సులో సెక్టారంతా పట్టదు. అందుకని ఆయన కొండవాలు మీద నిలబడి, నన్ను కొంచెం కొంచెం పక్కకి తిప్పుతూ వరసగా తీసి, ప్రింట్లు అతికించి ఊరంతటినీ ఒక పొడుగాటి బొమ్మ చేసేవాడు.

ఫిల్ము కడగడం, ప్రింట్లు వెయ్యడం ఇంట్లోనే. ప్రింట్లు వేసే రాత్రి బాత్రూము కిటికీకి నల్లగుడ్డ కట్టి ఎర్రబల్బు వెలిగించేవాడు. ఫిల్ము ఊటీలో తయారయ్యే ‘ఇందు’, దొరికినప్పుడు తూర్పు జర్మనీ ‘ఓర్వో’. నెగటివ్‌ని అంచుల దాకా కాగితం మీదికి దించడం ఆయన అలవాటు. ఒక రాత్రి ట్రేలో తేలిన బొమ్మలో, తాను గీసిన రోడ్డు వంపు నడిమధ్యన ముచ్చటగా వచ్చింది. ఎడమ అంచున ఒక ముసలమ్మ కూడా వచ్చింది. చింతచెట్టు మొదట్లో కూర్చుని ఉంది. తీసేటప్పుడు ఆవిడ ఆయన కంటపడలేదు.

మరో ఆదివారం అక్కడికే వెళ్లాం. ఆవిడ మళ్లీ ఉంది, ఒళ్లో చింతకాయలతో.

‘ఇక్కడ కూర్చున్నావేం అమ్మా?’

‘ఈ సెట్టు మా పెరట్లోది బాబూ. కాయలు రాల్తన్నాయి గదా, ఏరుకుందారని వచ్చినాను.’

‘మరి ఇల్లెక్కడ?’

‘నువ్వు నిల్సున్న కాడే.’

ఆయన కాళ్ల కింద ఉన్నది తారురోడ్డు. ఆయన గీసిందే.

ఈ కర్మాగారం కోసమే 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ రాష్ట్రమంతా లేచింది. టి. అమృతరావు నిరాహారదీక్ష చేశారు, తెన్నేటి విశ్వనాథం ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ సభలన్నిటికీ ఫొటోలు ఉంటాయి. కర్మాగారానికీ టౌన్‌షిప్‌కీ నేల ఇచ్చి లేచిపోయిన పల్లెలు 60కి పైనే. ఆ కుటుంబాల చేతికి నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డులు వచ్చాయి, అగనంపూడి, వడ్లపూడి పక్కన పునరావాస కాలనీలు వెలిశాయి. ఆ పల్లెలు పల్లెలుగా ఉన్నప్పుడు మాత్రం వాటిలో కెమెరా ఉన్న ఇల్లు ఎక్కడుంది?

ఆ ముసలమ్మని కలిశాక డ్రాఫ్ట్స్‌మన్ గారి చూపు మారింది. పాత ఊళ్ల జాడ చెట్లు చెబుతాయని కనిపెట్టాడు. ప్లానులో వేసిన చెట్లు ఒకే వరసలో, ఒకే ఎత్తులో ఉంటాయి. వరస తప్పి, వయసు మీరి ఒక చింతచెట్టో రావిచెట్టో నిలబడి ఉంటే అక్కడో వాకిలి ఉండేదన్నమాట. పార్కు నడుమ తాటిచెట్ల వరస అడ్డదిడ్డంగా పోతుంటే అది ఒకప్పటి పొలం గట్టు. రోడ్లని తీస్తూనే వాటినీ కావాలని అంచుల్లోకి రానిచ్చేవాడు. వ్యూఫైండర్లో కనపడకపోయినా ఫిల్ములో పడతాయని ఇద్దరికీ తెలుసు.

ఊరి చుట్టూ అందానికి కరువు లేదు. ఒక పక్క యారాడ కొండలు, ఇంకో పక్క సముద్రం. వాన వెలిసిన మర్నాడు గాలిలో దుమ్మూ మసకా ఉండవు. కొండ చేతికందేంత దగ్గరికి వస్తుంది. పసుపు ఫిల్టరు బిగిస్తే ఆకాశం ముదురెక్కి మబ్బులు తేలి కనిపిస్తాయి. కణితి రిజర్వాయరు దగ్గర నీళ్లలో నీడలు తీశాం. ఏలేరు నుంచి 150 కిలోమీటర్లకి పైగా కాలువలో నడిచొచ్చిన నీళ్లవి. అప్పికొండలో సోమేశ్వరుడి గుడి, కింద ఇసుక, రాళ్ల మీద నురగ. శివరాత్రికి ఆ తీరమంతా తడిబట్టల జనమే. ఆ ఉప్పుగాలి నాకు పడదు, ఇంటికి రాగానే మెత్తటి గుడ్డతో తుడవాల్సిందే.

కర్మాగారం లోపల ఫొటోలు నిషేధం. గేటు దగ్గర సి.ఐ.ఎస్.ఎఫ్. జవాన్లు ఉంటారు. గోదావరి, కృష్ణ అని నదుల పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులని నేను దగ్గర్నుంచి చూడలేదు. ఊళ్లు తీసేసి కట్టిన కొలుములకి నదుల పేర్లు పెట్టడం బాగానే ఉంది, ఊళ్ల పేర్లు కూడా ఎక్కడైనా ఉంటే ఇంకా బాగుండేది.

తర్వాత రంగుల కాలం వచ్చింది. ఫిల్ము రోలు గాజువాకలో ఒక లాబ్‌లో ఇచ్చేవాళ్లం. మిషను ప్రింటు అంచుల్ని కొంత మింగేస్తుంది. నెగటివ్‌లో ఉన్న మనిషి ఆల్బంలో ఉండడు. డ్రాఫ్ట్స్‌మన్ గారు కౌంటరు దగ్గర ‘మొత్తం రావాలి బాబూ’ అని పోరుపెట్టేవాడు. కుర్రాడు ‘అంచుల్లో ఏముంటుంది సార్, పిచ్చిమొక్కలే కదా’ అనేవాడు.

చివరికి తేమకి నా లెన్సులో బూజు పట్టింది, సెలీనియం పలక చూపు మందగించింది. నన్ను బీరువాలో పెట్టారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను లోపలే ఉండి గాలి మోత విన్నాను. ప్లాను చెట్లనీ పాత చెట్లనీ అది తేడా చూడలేదు. ముసలమ్మ చింతచెట్టూ పడిపోయింది. ఆ శిథిలాల ఫొటోలు ఫోన్లు తీశాయి. పడకముందు ఏ చెట్టు ఎక్కడుండేదో చూపించేవి మాత్రం మా నెగటివ్‌లే.

2021 జనవరి 27న కేంద్రం కర్మాగారంలో పెట్టుబడులన్నీ ఉపసంహరించుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం వెలిసింది. ఈ భూములు ఎవరివి, ఎందుకిచ్చారు అన్న మాట మళ్లీ పైకొచ్చింది. అలాంటి వేళ ఊరికి అక్కరకొచ్చేది నిన్నటి సూర్యోదయం ఫొటో కాదు. అంచున ముసలమ్మ ఉన్న పాత ఫొటో.

ప్లాను వేసిన ఊరు తనకి కావలసిన మేరకే గీత గీసుకుంటుంది. ఫొటో తీసేవాడూ అదే గీతలో నిలబడితే మిగిలేది ప్లానుకి రంగు ప్రతి మాత్రమే. మీరూ ఇలాంటి టౌన్‌షిప్పులో పెరిగి ఉంటే ఒక్క పని చెయ్యండి. ఆల్బం దించి ఫొటోలు ఒక్కొక్కటీ వెనక్కి తిప్పండి. ఏ ఏడు, ఏ సెక్టారు, అక్కడ అంతకుముందు ఏ ఊరుండేది అన్నది పెన్సిలుతో రాయండి. మీకు తెలియకపోతే ఆ ఊరివాళ్లని అడగండి, చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. స్కాను చేయించేటప్పుడు మాత్రం అంచులు కొయ్యనివ్వకండి.