లింకు లేని మూలానికి టీక

మూలం: “గోదావరి తల్లి ఒడిలో మీ నమ్మకమే మా పునాది; ద్వారపూడి స్టేషనుకు అయిదే నిమిషాలు; వివరాలకు లింకు నొక్కండి.”

అవతారిక: మండపేట పరిసరాల్లో వరిచేలు పూడ్చి వేసే లేఅవుట్ల వెబ్‌సైట్లలో ఏదో ఒక పాఠభేదంతో కానవచ్చే వాక్యమిది. అమూలమైనది గాని, అనపేక్షితమైనది గాని వ్రాయనని సంస్కృత కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆ బాట పట్టిన వ్యాఖ్యాతకు మూలంలో గజం ధరా సర్వే నంబరూ లేకపోవడమే తొలి చిక్కు.

టీక: గోదావరి, తల్లి, ఒడి అనేవి సుబోధాలు గనుక విడువబడినవి.

అయిదే నిమిషాలు: అన్నంభట్టు తర్కసంగ్రహంలో ద్రవ్యాలు తొమ్మిదని చెప్పి, కాలాన్నీ దిక్కునూ వేర్వేరుగా లెక్కించాడు. తెలుగువారూ దారికి క్రోసు, ఆమడ అనీ, పొద్దుకు గడియ, జాము అనీ వేర్వేరు కొలతలే వాడుకున్నారు. గడియకు 24 నిమిషాలు, విగడియకు 24 సెకన్లు గనుక అయిదు నిమిషాలంటే పన్నెండున్నర విగడియలు. అంతమాత్రాన విగడియలతో రోడ్డును కొలిచినవారు పూర్వులలో లేరు. ప్రకటనకర్త రెండు ద్రవ్యాలనూ ఏకం చేసి అద్వైతానికి కొత్త శాఖ తెరిచాడు. పైగా ‘అయిదే’లోని ఏకారం అవధారణార్థకం, అనగా అంతకు మించదని తేల్చి చెప్పేది; కోతల రోజుల్లో మిల్లుకు పోయే ధాన్యం లారీ వెనక చిక్కిన మోటారు సైకిలు విషయంలో దీనికి లోపం వస్తుంది. అనపేక్షితం వ్రాయననే ప్రతిజ్ఞ ఇక్కడ భంగమైనది. అయినా కిలోమీటర్లలో చెబితే ఏం పోయింది?

మీ నమ్మకమే మా పునాది: నమ్మకం కొనేవారిది, పునాది అమ్మేవారిది. ఉన్నదున్నట్లు చెప్పేవాడే ఆప్తుడనీ, అతని మాటే శబ్దప్రమాణమనీ తార్కికులు. నమ్మమన్నంత మాత్రాన ఎవరూ ఆప్తులు కారు. రిజిస్టరైన ప్రాజెక్టు ప్రకటనలో స్థిరాస్తి నియంత్రణ సంస్థ (రెరా) వెబ్‌సైటు చిరునామా ప్రముఖంగా ఉండాలనీ, రిజిస్ట్రేషను నంబరు చేర్చాలనీ 2016 నాటి రెరా చట్టం 11వ సెక్షను చెబుతుంది. ప్రముఖమంటే పుట అడుగున చీమతల ప్రమాణంలో అని ఏ నిఘంటువూ చెప్పదు.

లింకు: నానార్థం. దస్తావేజుల వాడుకలో లింకు డాక్యుమెంటు అనగా భూమి ఎవరినుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత పత్రం. వెబ్‌సైటులో, నొక్కితే ఫోను నంబరు అడిగే గడి. మొదటి అర్థం కోరి వెళ్లినవారికి రెండోది దక్కుతుంది. నంబరు ఇచ్చింది మొదలు భోజనాల వేళ ఫోన్లు వస్తాయి గాని, ధర మాత్రం “సైటుకు రండి, మాట్లాడుకుందాం” అన్నదాన్ని దాటదు.

తాత్పర్యం: నమ్మకమనే మాట తీసివేసి, ఆ చోట సర్వే నంబరు, రెరా నంబరు, గజం ధర, భూమిపై నమోదైన క్రయాలూ తాకట్లూ చూపే ఈసీ, ముసురు పట్టిన వారంలో ఆ నేల మీదే తీసిన ఫొటో పెట్టవలెను. ఆ ఫొటోలో మోకాలిలోతు నీళ్లుంటే ధర తగ్గవచ్చు గాని, టీకలో విడువబడిన ‘గోదావరి తల్లి ఒడి’ అప్పుడు యథార్థమవుతుంది.