సినిమా నచ్చిందా? పొరపాటున కూడా బయటపడకండి

కొత్త సినిమా చూసొచ్చినవాణ్ణి మనవాళ్లు ఊరికే వదలరు. లిఫ్టులోనో, ఆఫీసు క్యాంటీన్లోనో, పెళ్లి భోజనాల బంతిలోనో పట్టుకుని "ఎలా ఉంది?" అని అడిగి తీరతారు. ఆ ప్రశ్నకి నిజం చెప్పి అలుసైపోయినవాళ్లు ఊరికి పదిమంది. మీరు పదకొండోవారు కాకూడదని ఈ నాలుగు ముక్కలు.

అభిప్రాయం ఇంటర్వెల్‌కే సిద్ధమైపోవాలి. సమోసాల దగ్గర నిలబడి "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ చూడాలి" అని నలుగురికీ వినబడేలా అనండి. సినిమా వదిలాక "సెకండాఫ్‌లో కొంచెం ల్యాగ్" అంటే సరి. ఈ రెండు ముక్కలూ ఏ సినిమాకైనా అతుకుతాయి. చూడని సినిమాకి ఇంకా బాగా అతుకుతాయి. 1980లో 'శంకరాభరణం' వచ్చిన కొత్తలో హాళ్లు బోసిపోయాయనీ, చూసినవాళ్లు ఆనోటా ఈనోటా చెప్పగా చెప్పగా నిండాయనీ అంటారు. పాపం, అప్పటి జనానికి ల్యాగ్ అనే మాట తెలీదు.

"నచ్చింది" అనకండి. "ఒకసారి చూడొచ్చు" అనండి. రేపు లోకమంతా బాగుందంటే మీరూ చూడమన్నవాళ్లే. బాలేదంటే, ఒకసారే కదా చూడమన్నది!

ఏడుపు విషయంలో మరీ జాగ్రత్త. 2023లో 'బలగం' వచ్చినప్పుడు చాలామంది పరువు అక్కడే పోయింది. టీవీలో కామెడీ చేసిన వేణు యెల్దండి తీశాడు కదా, నవ్వుకుందామని వెళ్లి కూర్చున్నారు. తీరా చూస్తే ఇంటి పెద్ద పోయాడు, పెట్టిన ముద్ద కాకి ముట్టదు. కూతురూ అల్లుడూ ఏళ్ల తరబడి ఆ గడప తొక్కలేదు. ఎందుకయ్యా అంటే, ఎప్పుడో విందులో అల్లుడి విస్తట్లో నల్లి బొక్క పడలేదు. తెలంగాణ పల్లెల్లో ఆరుబయట తెరలు కట్టి ఊళ్లకి ఊళ్లు కూర్చుని చూశాయి. చివర్లో కొమురమ్మ, మొగిలయ్య గొంతెత్తినప్పుడు ముక్కులు చీదని వరస లేదు. అలాంటప్పుడు మీరు ఫోన్ తీసి టైము చూసుకోవాలి. పెళ్లికార్డులో పేరు కిందికి పోయిందని మీ ఇంటికి రావడం మానేసిన బాబాయి గుర్తొస్తాడు, రానివ్వండి. బయటికొచ్చాక ఆయనకి ఫోన్ చేయాలనిపిస్తుంది. చేయకండి, అది సమీక్ష కాదు. "నేటివిటీ బాగా పట్టాడు, కాకపోతే స్లో" అనండి. నేటివిటీ అన్నాక ఎంతటి కన్నీళ్లయినా ఆరిపోతాయి.

ఇక పాటలు. కొత్త పాటని ఫోన్ స్పీకర్లో, పల్లవి దాటకుండా, పక్కన మిక్సీ తిరుగుతుండగా వినాలి. వినగానే "సాహిత్యం ఎక్కడుందండీ ఈ రోజుల్లో" అని నిట్టూర్చాలి. దీనికి పోలిక కూడా తగినట్టు ఎంచుకోవాలి. నిన్న విడుదలైన పాటని 'మాయాబజార్'తోనే తూచాలి. 1957లో వచ్చిన తెలుగు పాటలన్నీ పింగళివారు రాసినవే, ఘంటసాల పాడినవే అన్నట్టు మాట్లాడాలి. ఆ ఏడాదే పుట్టి, ఆ ఏడాదే ఎవరికీ గుర్తు లేకుండా పోయిన పాటల మాట ఎత్తకూడదు. జల్లెడలో మిగిలిన గింజని పొలంలోని మట్టితో పోల్చడంలో ఉన్న సుఖమే వేరు.

2025 సంక్రాంతి సినిమాలో 'గోదారి గట్టు' పాట వచ్చింది. చాలాకాలం పాటలకి దూరంగా ఉన్న రమణ గోగుల గొంతు మళ్లీ వినబడేసరికి నలభై దాటినవాళ్లు ఆటోల్లో కూడా తలలూపారు. మీరు ఊపకండి. "పాత గోగుల వేరండీ" అనండి. 1999లో ఆయన 'తమ్ముడు' క్యాసెట్ పెట్టినప్పుడు మీ నాన్నగారు ఏమని తిట్టారో మాత్రం ఎవరికీ చెప్పకండి.

అవార్డు పాటకి మూడు అభిప్రాయాలు కావాలి, తేదీల వారీగా. 'నాటు నాటు' ఉందనుకోండి. 2023 మార్చికి ముందు: "స్టెప్పు తప్ప ఏముంది?" ఆస్కార్ వచ్చిన రోజు: "మన కీరవాణి! నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా." వారం పోయాక: "ఆయనవి ఇంతకన్నా గొప్పవి వంద ఉన్నాయి." మూడూ ఒకే నోటితో అనొచ్చు, ఎవరూ అడగరు. ఆ ఉక్రెయిన్ మేడ ముందు కుర్రాళ్లు దుమ్ము లేపుతుంటే మన ఊరి జొన్నరొట్టె, మిరపతొక్కు ఆ పాటలోకి ఎలా దూరాయబ్బా అని ముచ్చటపడటం మాత్రం ఈ మూడింట్లో దేనికిందకీ రాదు.

ఏమీ తోచకపోతే "ఎంత చేసింది?" అనేయండి. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్రలో ఇంకా బ్రేక్ ఈవెన్ కాలేదు అని బయ్యర్ల బాధ మీ గుండెల్లో పెట్టుకోండి. మీ డబ్బు టికెట్టుకీ పాప్‌కార్న్‌కీ అయిపోయిందని, అందులోనూ పాప్‌కార్న్‌కే ఎక్కువైందని ఎవరికి తెలుసు?

ఇంట్లోవాళ్ల అభిప్రాయాలు దిద్దడం మీ బాధ్యత. '35 చిన్న కథ కాదు' అందరూ కలిసి చూశారనుకుందాం. తిరుపతిలో ఓ పిల్లాడు, లెక్కల్లో గుండుసున్నా. సున్నాకి విలువ లేదంటారు కదా, మరి ఒకటి పక్కన పెడితే పదెలా అయింది అంటాడు. పదో తరగతి గట్టెక్కని తల్లి వాడి కోసం తనే లెక్కలు నేర్చుకోడానికి కూర్చుంటుంది. మీ పాప మధ్యలో మీ మోచెయ్యి లాగుతుంది.

"నాన్నా, ఆ డౌటు నాక్కూడా ఉంది. టీచర్ని అడిగితే కూర్చోమంది."

ఇక్కడే చాలామంది తండ్రులు మెత్తబడి, పెన్నూ కాయితం తెచ్చి, ఒకట్ల స్థానం, పదుల స్థానం అంటూ రాత్రి పదకొండు దాకా నేల మీద కూర్చుంటారు. మీరు "వివేక్ సాగర్ బీజీఎం విను ముందు" అనండి. మీ ఆవిడ కళ్లొత్తుకుంటూ "నేనూ టెన్త్ లెక్కలు మళ్లీ చదవనా?" అంటే "స్క్రీన్‌ప్లే కొంచెం టైట్‌గా ఉండాల్సింది" అనండి.

ఇంత చేశాక కూడా ఆదివారం మధ్యాహ్నం అదే సినిమా రెండోసారి చూస్తూ దొరికిపోతే కంగారు పడకండి. "నేనెక్కడ చూస్తున్నాను, పిల్లలు పెట్టుకున్నారు" అనండి. పిల్లలు ట్యూషన్‌కి వెళ్లిన సంగతి ముందే చూసుకోండి.