సమాఖ్య అధ్యక్షులకు చేతివాటం చిట్కాలు

అపార్టుమెంట్ల సమాఖ్యకు అధ్యక్షులయ్యారా? శుభం. ముందుగా అడిగిన ప్రతి అపార్టుమెంటుకూ ఓటు ఇచ్చేయండి. ఓటుకు ఖర్చేముంది? లెక్క మాత్రం మీ చేత్తో రాయండి.

1958లో యూరోపియన్ ఆర్థిక సమాజంలో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీలకు నాలుగేసి ఓట్లు, బెల్జియం, నెదర్లాండ్స్‌లకు రెండేసి, లక్సెంబర్గ్‌కు ఒకటి ఇచ్చారు. మొత్తం 17. కమిషన్ తెచ్చిన ప్రతిపాదన నెగ్గాలంటే 12 రావాలి. లక్సెంబర్గ్‌ను పక్కనపెడితే మిగిలినవన్నీ సరిసంఖ్యలే. ఎలా కూడినా 11 రాదు. కాబట్టి ఆ ఒక్క ఓటు పడినా పడకపోయినా ఫలితం మారదు. 1973లో కొత్త దేశాలు చేరేదాకా ఇదే వరస. తమాషా ఏమిటంటే, జనాభాతో పోల్చి చూస్తే అందరికన్నా ఎక్కువ వాటా దానికే! మీ దగ్గరా ఆరు ఫ్లాట్ల బుల్లి బిల్డింగు ఒకటి ఉంటుంది. వాళ్ల సెక్రటరీకి ముందు వరసలో కుర్చీ వేయించండి. టీ కూడా మొదట ఆయనకే.

తర్వాత మెట్లు పెంచండి. తొమ్మిది అపార్టుమెంట్లుంటే మూడేసి చొప్పున మూడు సెక్టార్లు చేయండి. ఒక్కో కమిటీలో ఐదుగురు. ముగ్గురు ఊఁ అంటే అపార్టుమెంటు మీది, రెండు అపార్టుమెంట్లతో సెక్టారు మీది, రెండు సెక్టార్లతో సమాఖ్యే మీది. అంటే 45 మందిలో 12 మంది చాలు. 33 మంది కాదన్నా నీళ్ల ట్యాంకర్ల కాంట్రాక్టు మీ బావమరిదికే. గిట్టనివాళ్ల అపార్టుమెంట్లను వీలైనంత వరకు ఒకే సెక్టారులో కుక్కండి. అడిగితే వాచ్‌మన్ సౌకర్యం కోసమనండి.

ఇంకా తగువు పెడితే రాష్ట్రపతి ఎన్నిక చూపించండి. అక్కడ ఎమ్మెల్యే ఓటు విలువ 1971 జనాభా మీదే కట్టారు: ఉత్తరప్రదేశ్‌లో 208, ఆంధ్రప్రదేశ్‌లో 159, తెలంగాణలో 132, సిక్కింలో 7. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదని పాత లెక్క ఆపి ఉంచారు. ఆ సంగతి మీరు ఎత్తకండి. మీరూ సమాఖ్య పుట్టిన నాటి ఫ్లాట్ల లెక్కే ఖాయం చేయండి. అప్పటికి మీ టవర్ ఒక్కటే లేచింది, మిగతావి పునాదులే కదా.

ఒక్క జాగ్రత్త. ఆ బుల్లి బిల్డింగులోనే రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉంటారు. ఆయన్ని ఆడిట్ కమిటీలో వేయండి. మీటింగు మాత్రం ఆయన వాకింగ్‌కు వెళ్లే వేళకే పెట్టండి.